విశాల రేఖల ప్రాంతంలో వాయు మేఘాలు: పుట్టుడు సరే, నిలబడుడు ఎట్ల?

పాకాల_రాత్రి, హన్మకొండ

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం చురుకైన గెలాక్సీల కేంద్రాల మీద చదువుతున్న. హైడ్రోజన్ హెచ్-బీటా రేఖ సెకనుకు కొన్ని వేల కిలోమీటర్ల వెడల్పుతో ఎందుకు వస్తదో అర్థమైంది. బ్లాక్ హోల్ చుట్టూ తిరిగే వాయు మేఘాల డాప్లర్ మార్పు (వేగం వల్ల తరంగదైర్ఘ్యం మారుడు) అది. గట్ల వెడల్పైన రేఖలు వచ్చే జాగనే విశాల రేఖల ప్రాంతం. ఆ మేఘాలు అసలు ఎట్ల తయారైతయి అన్న దగ్గర ఆగిపోయిన. ఒక పేపర్ల వేడి వాయువు చల్లబడి గడ్డకడతదని ఉంది. ఇంకోదాంట్ల బ్లాక్ హోల్ చుట్టూ తిరిగే వాయువు పళ్ళెం (డిస్క్) మీద నుంచి లేచే గాలి అని ఉంది. మరోదాంట్ల ధూళి లేపుతదని ఉంది. మూడింటిల ఏది పట్టుకోవాలె? వాయువు నుంచి వచ్చే రేఖలను లెక్కేసే క్లౌడీ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకున్న, కానీ నేను ఇచ్చిన స్తంభ సాంద్రత (మేఘం గుండా చదరపు సెంటీమీటరుకు ఎన్ని అణువులో) దాకా పోకుండ నడుమనే ఆగిపోతున్నది. దానికి కూడ కారణం చెప్పగలరు.

మానేరు_తీరం, కరీంనగర్

ఏ సిద్ధాంతాన్ని పట్టుకోవాలని మొదలుపెట్టొద్దు. ముందు ఒక గెలాక్సీని తీసుకొని అంకెలు రాసుకోండి. ఆ అంకెలే కొన్ని దారులు మూసేస్తాయి.

ఎన్‌జీసీ 5548 వంటిదాన్ని అనుకుందాం. కృష్ణబిలం (బ్లాక్ హోల్) 7×10⁷ సూర్యుల బరువు. మొత్తం కాంతి సెకనుకు 3×10⁴⁴ ఎర్గులు, అందులో హైడ్రోజన్‌ను అయనీకరించగల (ఎలక్ట్రాన్ ఊడగొట్టగల) భాగం 10⁴⁴. హెచ్-బీటా ఇచ్చే వాయువు సుమారు 20 కాంతి రోజుల దూరంలో, అంటే 5.2×10¹⁶ సెంటీమీటర్ల దగ్గర ఉంది. అక్కడ కక్ష్యా వేగం సెకనుకు దాదాపు 4000 కిలోమీటర్లు. ఒక చుట్టు తిరగడానికి పాతికేళ్ళు పడుతుంది.

దూరం ఎలా తెలిసిందంటే, కేంద్రం ప్రకాశం మారిన తర్వాత రేఖ ఎన్ని రోజులకు మారిందో కొలుస్తారు. ఈ ప్రతిధ్వని పద్ధతికి 1982లో బ్లాండ్‌ఫోర్డ్, మెక్‌కీ గణిత రూపం ఇచ్చారు. 2018లో గ్రావిటీ పరికరం చిలీలోని నాలుగు 8 మీటర్ల టెలిస్కోపులను కలిపి 3సీ 273 అనే క్వేజార్ (అతి ప్రకాశవంతమైన గెలాక్సీ కేంద్రం)లో ఈ ప్రాంతాన్ని నేరుగా కొలిచింది. వ్యాసార్థం 0.12 పార్సెక్కులు (ఒక పార్సెక్కు 3.26 కాంతి సంవత్సరాలు) వచ్చింది. వాయువు కృష్ణబిలం చుట్టూ క్రమంగా తిరుగుతోందని కూడా తేలింది. కాబట్టి దూరం, వేగం రెండూ ఊహలు కావు.

ఇక సాంద్రత. ఆక్సిజన్ 5007 ఆంగ్‌స్ట్రామ్ నిషిద్ధ రేఖ సన్నగానే కనబడుతుంది, దానికి విశాలమైన అడుగు ఉండదు. ఘన సెంటీమీటరుకు 7×10⁵ ఎలక్ట్రాన్లు దాటితే ఆ అయాన్ ఫోటాన్ వదిలేలోపే ఢీకొని శక్తి పోగొట్టుకుంటుంది. కనుక విశాల రేఖల వాయువు అంతకన్నా ఎంతో చిక్కన. అన్ని రేఖల బలాలు కలిపి చూస్తే 10⁹ నుంచి 10¹¹ పైదాకా వస్తుంది. మనం 10¹⁰ తీసుకుందాం. ఉష్ణోగ్రత సుమారు 10⁴ కెల్విన్. మేఘం గుండా స్తంభ సాంద్రత చదరపు సెంటీమీటరుకు 10²³ అనుకుంటే మందం 10¹³ సెంటీమీటర్లు, అంటే పది కోట్ల కిలోమీటర్లు.

గోదారిఖని_గగనం, రామగుండం

సార్ అంకెలు ఇచ్చిండు కాబట్టి నేను పుట్టుక సంగతి చెప్త. పుట్టుడు అల్కగనే అయితది తమ్మీ. వేడి వాయువు ఉన్నదనుకో, పది లక్షల డిగ్రీలు, సాంద్రత 10⁸. అది కాంతి వదులుకుంట చల్లబడెతందుకు పట్టే టైము సుమారు సగం రోజు. ఎక్కడన్న జర చిక్కగ అయ్యిందంటే అక్కడ కాంతి ఎక్కువ పోతది. ఎందుకంటే చల్లబడే రేటు సాంద్రత వర్గం మీద ఆధారపడతది. చల్లబడితే పీడనం తగ్గుతది, చుట్టున్న వేడి వాయువు దాన్ని ఇంకా నొక్కుతది, ఇంకా చిక్కబడతది. 10⁴ కెల్విన్ దగ్గరికి వచ్చినంక హైడ్రోజన్ రేఖలతోని చల్లబడుడూ కేంద్రం నుంచి వచ్చే వేడీ సమానమైతయి, అక్కడ ఆగుతది. దీన్నే ఉష్ణ అస్థిరత అంటరు.

క్రోలిక్, మెక్‌కీ, టార్టర్ 1981ల దీన్నే రెండు దశల నమూనాగ రాసిండ్రు: 10⁸ కెల్విన్ వేడి వాయువు, దాంట్ల 10⁴ కెల్విన్ మేఘాలు, రెండింటికి ఒకటే పీడనం. ఉష్ణోగ్రతను, అయనీకరణ కాంతి పీడనం వాయు పీడనానికి ఎన్ని రెట్లు అన్న అంకెతోని గీస్తే ఎస్ ఆకారపు వంపు వస్తది. ఆ వంపుల వెనక్కి తిరిగే ముక్క మీద ఏ వాయువూ నిలవదు. పైకన్న పోతది, కిందికన్న వస్తది.

రామప్ప_రాయి, ములుగు

వంపు మంచిదే. కానీ ఆ నమూనా 10⁸ కెల్విన్ మీద నిలబడింది, అదే దాని బలహీనత. నిజంగా కొలిచిన వర్ణపటాలు పెట్టి లెక్కేస్తే కాంప్టన్ ఉష్ణోగ్రత (కాంతి ఎలక్ట్రాన్లను ఢీకొని వేడిచేయడం, చల్లబరచడం సమానమయ్యే ఉష్ణోగ్రత) 10⁷ చుట్టుపక్కలే వస్తుంది. 1980లలోనే ఇది బయటపడింది.

10⁷ వేసి చూడండి. మేఘం పీడనానికి సరిపోవాలంటే వేడి వాయువు సాంద్రత 10¹⁰×10⁴÷10⁷, అంటే 10⁷ ఉండాలి. దాన్ని 5.2×10¹⁶ సెంటీమీటర్లతో, థామ్సన్ అడ్డుకోతతో (ఒక ఎలక్ట్రాన్ కాంతిని చెదరగొట్టే వైశాల్యం) గుణిస్తే కాంతి చెదిరే లోతు 0.35. కేంద్రం నుంచి వచ్చే కాంతిలో దాదాపు మూడో వంతు దారిలోనే చెదిరిపోవాలి. వేగంగా మారే వెలుగులో ఆ మసక కనబడాలి. కనబడదు.

రెండోది ఇంకా గట్టి అడ్డంకి. 10⁷ కెల్విన్ వాయువులో ధ్వని వేగం సెకనుకు 480 కిలోమీటర్లు. మేఘం పోయేది 4000తో. వేడి వాయువు మేఘంతో పాటే తిరిగితే తప్ప ఎనిమిది రెట్ల ధ్వని వేగంతో దూసుకుపోయే మేఘం అంచులు చీలిపోతాయి.

పాకాల_రాత్రి, హన్మకొండ

అయితే వేడి వాయువు నొక్కకపోతే మేఘం ఎన్ని రోజులుంటది సార్?

రామప్ప_రాయి, ములుగు

మందాన్ని దాని లోపలి ధ్వని వేగంతో భాగించండి. 10¹³ సెంటీమీటర్లు, సెకనుకు 10 కిలోమీటర్లు. వచ్చేది 10⁷ సెకన్లు, నాలుగు నెలల లోపు. కక్ష్యలో ఒక చుట్టుకు పాతికేళ్ళు పడుతుందని పైన చెప్పారు. ఏ ఆధారం లేని మేఘం ఆ చుట్టులో అరవయ్యో వంతు కూడా పూర్తిచేయదు.

ఇప్పుడు అసలు లెక్క. దీన్ని కాగితం మీద మీరే వేసుకోండి, ప్రాజెక్టులో మొదటి అధ్యాయం ఇదే కావాలి.

మేఘాలు ఆకాశంలో పదో వంతు కప్పుతున్నాయనుకోండి. గోళపు వైశాల్యం 3.4×10³⁴ చదరపు సెంటీమీటర్లు. ఒక్కో మేఘం అడ్డుకోత 7.9×10²⁵. కావలసిన మేఘాలు సుమారు నాలుగు కోట్లు. ఇదేమీ పిచ్చి సంఖ్య కాదు. 1998లో కెక్ టెలిస్కోపుతో ఎన్‌జీసీ 4151 రేఖ ఆకారాన్ని చూసి, అది అంత నునుపుగా రావాలంటే కనీసం 3 కోట్ల మేఘాలుండాలని తేల్చారు. తక్కువ ఉంటే రేఖ మీద సన్నని గతుకులు కనబడాలి.

ఒక్కో మేఘం ద్రవ్యరాశి 8.7×10²⁴ గ్రాములు, మన చంద్రుడిలో ఎనిమిదో వంతు. నాలుగు కోట్లతో గుణిస్తే సూర్యుడిలో ఐదో వంతు. మొత్తం ప్రాంతంలో రేఖలిచ్చే వాయువు అంతే.

నాలుగు నెలలకోసారి అదంతా ఆవిరై మళ్ళీ పుట్టాలంటే ఏడాదికి దాదాపు 0.6 సూర్యుల వాయువు కావాలి. కృష్ణబిలం తినేది ఎంత? కాంతి 3×10⁴⁴, సామర్థ్యం పది శాతం అనుకుంటే ఏడాదికి 0.05 సూర్యులు. అంటే కృష్ణబిలం మింగేదానికి పన్నెండు రెట్లు మేఘాలకు సరఫరా చేయాలి. ఆ వాయువు ఎక్కడినుంచి వస్తుంది, చెదిరాక ఎక్కడికి పోతుంది? మేఘాల పుట్టుక మీద ఏ సిద్ధాంతం చెప్పినా ఈ పద్దు సరిచేయాలి.

మానేరు_తీరం, కరీంనగర్

ఈ పద్దు చాలా పేపర్లలో ఇంత నేరుగా కనబడదు. దీనికి ఎక్స్-కిరణాల నుంచి కూడా సాక్ష్యం ఉంది. ఎన్‌జీసీ 1365లో 2006లో చంద్రా టెలిస్కోపు రోజు విడిచి రోజు చూసినప్పుడు, ఎక్స్-కిరణ మూలాన్ని ఒక దట్టమైన మేఘం కొద్ది రోజుల్లోనే మూసి తెరిచింది. సెకనుకు 3000 కిలోమీటర్ల వేగంతో పది గంటల్లో దాటే దూరం లెక్కేస్తే 1.1×10¹³ సెంటీమీటర్లు. పూర్తిగా వేరే దారిలో పోయి మనం అదే పరిమాణానికి వచ్చాం. తర్వాత అదే గెలాక్సీని సుజాకు ఉపగ్రహంతో చూసినవాళ్ళు మేఘం ముందు భాగం దట్టంగా, వెనక పలచని తోక ఉన్నట్టు గుర్తించారు. ఆ తోకలో జారిపోయే వాయువు లెక్కన మేఘం ఆయువు కొన్ని నెలలే.

గోదారిఖని_గగనం, రామగుండం

ఒప్పుకుంట. కానీ పీడనం పెట్టేది వేడి వాయువే కావాలని లేదు కదా. రెండు దారులున్నయి.

ఒకటి అయస్కాంత క్షేత్రం. మేఘం లోపలి పీడనం రెండు సార్లు సాంద్రత, బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం, ఉష్ణోగ్రత, ఈ మూడిటి గుణకం: 0.028 ఎర్గులు ఘన సెంటీమీటరుకు. దానికి సరిపోయే క్షేత్రం ఒక గాస్ లోపే. డిస్క్ నుంచి లేచే క్షేత్రానికి ఇది పెద్ద లెక్క కాదు. 1987ల రీస్ ఈ మాటే అన్నడు.

రెండోది నాకు బాగ నచ్చింది. కాంతి పీడనమే మేఘాన్ని నొక్కుతది. 10⁴⁴ ని గోళపు వైశాల్యంతోని, కాంతి వేగంతోని భాగిస్తే 0.098 ఎర్గులు ఘన సెంటీమీటరుకు. అంటే లోపలి వాయు పీడనం 0.028, బయట తగిలే కాంతి పీడనం దానికి మూడున్నర రెట్లు. వాయువు ఊకుంటదా? కాంతి తగిలే మొఖం నుంచి లోపలికి పోయినకొద్దీ నొక్కుకుంట పోతది, రెండూ సమానమయ్యే దాక. సమానమయ్యే సాంద్రత 3.5×10¹⁰. మనం చూసే సాంద్రత ఎవరూ చేతితోని పెట్టింది కాదు, కాంతే పెట్టింది. బాస్కిన్, లావోర్, స్టెర్న్ 2014ల ఈ లెక్క వివరంగ చేసిండ్రు.

దీంతోని ఇంకో చిక్కుముడి కూడ విడిపోతది. కాంతి పీడనమూ, ఫోటాన్ల సాంద్రతా రెండూ దూరం వర్గంతోని ఒకే లెక్కన తగ్గుతయి. కాబట్టి మేఘం దగ్గర ఉన్నా దూరం ఉన్నా అయనీకరణ పరామితి (ఒక్కో అణువుకు అయనీకరించే ఫోటాన్లు ఎన్ని ఉన్నయో చెప్పే అంకె) దాదాపు ఒకటే. 3.5×10¹⁰ సాంద్రత వేస్తే 0.06 వస్తది. చిన్న సీఫర్ట్ గెలాక్సీ నుంచి పెద్ద క్వేజార్ దాక రేఖల నిష్పత్తులు ఒకే తీరుగ ఎందుకుంటయో అని ఏండ్ల సంది తలపట్టుకున్న ప్రశ్నకు ఇది సూటి జవాబు.

రామప్ప_రాయి, ములుగు

కాంతి ఒక పక్క నుంచే నొక్కుతుంది. పక్కలకు చెదిరిపోకుండా ఆపేది ఏది? ఆ లెక్క వెడల్పాటి పొరకు సరిపోతుంది, చిన్న ఉండకు సరిపోదు. కాబట్టి నాలుగు నెలల సమస్య తగ్గుతుందే కానీ పోదు. పైగా నొక్కే కాంతే తోసేస్తుంది కూడా.

గోదారిఖని_గగనం, రామగుండం

తోసేసుడు నిజమే. దానికి కూడ హద్దు లెక్క ఉంది. కాంతి తోపు మేఘం మొఖం మీద పడతది, గురుత్వం మేఘం బరువంతా పట్టుకుంటది. వడ్లు తూర్పార పట్టినట్టే: తాలు ఎగిరిపోతది, గట్టి గింజ కాళ్ళ కాడనే పడతది. మన గెలాక్సీల అయనీకరణ కాంతి ఎడింగ్టన్ హద్దుల (కాంతి తోపు గురుత్వానికి సమానమయ్యే ప్రకాశం) 1.1 శాతం. దాన్ని థామ్సన్ అడ్డుకోతతోని భాగిస్తే 1.7×10²². స్తంభ సాంద్రత దీనికన్న పలచన ఉన్న మేఘం బయటికి పోతది, 10²³ ఉన్నది కక్ష్యల నిలుస్తది. ఎడింగ్టన్ నిష్పత్తి పదింతలు పెరిగితే హద్దు కూడ పదింతలు పెరిగి 1.7×10²³ అయితది, అప్పుడు మన మేఘం కూడ ఎగురుతది. గంత మాత్రం గుర్తుపెట్టుకో తమ్మీ: పేపర్ల మేఘం బయటికి పోతున్నదా తిరుగుతున్నదా అని కొట్లాట కనబడితే, ముందుగాల వాళ్ళు ఏ స్తంభ సాంద్రత తీసుకున్నరో చూడు.

మానేరు_తీరం, కరీంనగర్

రామప్ప_రాయి గారు అడిగిన సరఫరా పద్దుకు నాకు తెలిసినంతలో నేరుగా జవాబిచ్చేది ధూళి నమూనా. చెర్నీ, హ్రినీవిచ్ 2011లో ప్రతిపాదించారు. అంకెలు పెట్టి చూపిస్తాను.

డిస్క్ ఉపరితల ఉష్ణోగ్రత బయటికి పోయేకొద్దీ తగ్గుతుంది. ఉష్ణోగ్రత నాలుగో ఘాతం కృష్ణబిలం ద్రవ్యరాశికి, మింగే రేటుకు అనులోమంగా, దూరం ఘనానికి విలోమంగా ఉంటుంది. మన అంకెలు వేస్తే డిస్క్ 1000 కెల్విన్‌కు చల్లబడే దూరం 4×10¹⁶ సెంటీమీటర్లు, అంటే 15 కాంతి రోజుల పైన. హెచ్-బీటా దూరం 20 అనుకున్నాం. రెండూ ఇంత దగ్గరగా రావడం ఈ నమూనాకు ఉన్న పెద్ద బలం.

1000 కెల్విన్ దగ్గర డిస్క్ పై పొరల్లో ధూళి నిలుస్తుంది. ధూళి కణం కాంతిని వాయువుకన్నా ఎన్నో రెట్లు పట్టుకుంటుంది. కింద డిస్క్ నుంచి వచ్చే కాంతే ఆ ధూళిని, దానితో పాటు వాయువును పైకి లేపుతుంది. పైకి లేచాక కేంద్రం నేరుగా కనబడుతుంది. ఆ తీక్షణమైన అతినీలలోహిత కాంతికి ధూళి 1500 కెల్విన్ దాటి ఆవిరవుతుంది. ధూళి పోగానే తోపు పోతుంది, వాయువు తిరిగి డిస్క్ మీద పడుతుంది. కేంద్రం కాంతి తగిలి ఆ వాయువు రేఖలు వెలువరిస్తుంది. మనం చూసేది ఆ దశనే.

పద్దు చూడండి. లేచి పడే సమయం సగం కక్ష్య అనుకుంటే పన్నెండేళ్ళు. ఐదో వంతు సూర్యుణ్ణి పన్నెండుతో భాగిస్తే ఏడాదికి 0.016. అది కూడా పోయే వాయువు కాదు, డిస్క్‌కే తిరిగి చేరుతుంది. ఒక్కో మేఘం నాలుగు నెలల్లో చెదిరినా దాని వాయువు అక్కడే ఉంటుంది, మళ్ళీ చల్లబడి మళ్ళీ చిక్కబడుతుంది. చెదిరిన ప్రతిసారీ బయటినుంచి కొత్త సరుకు తేవాల్సిన పనిలేదు.

బయటి హద్దు కూడా ధూళిదే. కేంద్రం కాంతిలో ధూళి బతకగల దూరం లెక్క ప్రకారం 150 కాంతి రోజులు. సమీప పరారుణ ప్రతిధ్వని కొలతల్లో దానికి మూడో వంతే వస్తుంది. పెద్ద గ్రాఫైట్ కణాలు ఎక్కువ వేడి తట్టుకోవడం అందుకు ఒక కారణం. ఆ గీత దాటాక ధూళే అయనీకరణ కాంతిని మింగేస్తుంది, రేఖలు సన్నగిల్లుతాయి. 1993లో నెట్జర్, లావోర్ ఈ విషయం చూపించారు.

రామప్ప_రాయి, ములుగు

పద్దు సరిపోయింది, ఒప్పుకుంటాను. కానీ ఈ నమూనా హెచ్-బీటా, మెగ్నీషియం-2 (ఒక ఎలక్ట్రాన్ ఊడిన మెగ్నీషియం) వంటి తక్కువ అయనీకరణ రేఖలకే సరిపోతుంది. ఎన్‌జీసీ 5548ను 2014లో హబుల్‌తో దాదాపు రోజూ చూసినప్పుడు హీలియం-2 1640 రేఖ 2.5 రోజులకు, కార్బన్-4 1549 రేఖ 5 రోజులకు స్పందించాయి. ఆ దూరంలో డిస్క్ 1000 కెల్విన్‌కన్నా చాలా వేడి, ధూళి ఉండదు. అక్కడ వాయువును లేపేది రేఖల మీద పడే కాంతి తోపు. 1995లో మర్రే, ఛియాంగ్ రాసిన డిస్క్ గాలి అదే. ప్రకాశవంతమైన క్వేజార్లలో కార్బన్-4 రేఖ నీలి వైపు జరిగి కనబడడం, అంటే మనవైపు వస్తుండడం, ఆ గాలికి గుర్తు.

ఆ గాలికి ఒక షరతుంది. వాయువు అతిగా అయనీకరణ చెందితే రేఖలు పట్టుకునే ఎలక్ట్రాన్లే మిగలవు, తోపు ఆగిపోతుంది. కాబట్టి లోపల ఎక్స్-కిరణాలను అడ్డుకునే తెర వాయువు కావాలి. అదే 2014 పరిశీలనలో కొన్ని వారాల పాటు కేంద్రం కాంతి మారుతున్నా రేఖలు దాని వెంట నడవలేదు. నడుమ తెర మందం మారిందనేది దానికి గట్టి వివరణ.

కాబట్టి ఒకే గెలాక్సీలో లోపల గాలి, బయట ధూళి అని నా అభిప్రాయం. ఉష్ణ అస్థిరత రెండు చోట్లా లేచిన వాయువును ముక్కలు చేస్తుంది. సాంద్రతను కాంతి పీడనం నిర్ణయిస్తుంది. మూడింటిలో ఏది అని అడిగిన ప్రశ్నకు ఇదే నా జవాబు.

గోదారిఖని_గగనం, రామగుండం

జవాబు మంచిగుంది, కానీ అన్నీ నిజమే అంటే ఏదీ తప్పని తేలదు. ధూళి నమూనా తప్పయ్యే జాగ చెప్పాలె. మింగే రేటు తగ్గితే 1000 కెల్విన్ దూరం రేటు ఘనమూలంతోని లోపలికి జరగాలె. హెచ్-బీటా దూరం మాత్రం గెలాక్సీలన్నిటినీ కలిపి చూస్తే కాంతి వర్గమూలంతోని మారుతది, 2013 కొలతల ఘాతం 0.53. అయితే ఒకే గెలాక్సీని ఏండ్ల తరబడి చూస్తే ఏది వస్తది? ఎన్‌జీసీ 5548ల ఆ ఆలస్యం నాలుగైదు రోజుల నుంచి పాతిక రోజుల దాక మారింది. డిస్క్ గంత తొందరగ మారదు, దాని స్నిగ్ధతా కాలం (వాయువు లోపలికి జారెతందుకు పట్టే టైము) చాన పెద్దది. కాబట్టి ఆ మార్పుల ఎక్కువ భాగం మేఘాలు జరుగుడు కాదు, ఏ మేఘాలు వెలుగుతున్నయి అన్నది మారుడు. గీ రెండింటిని విడదీయకపోతే లెక్క తప్పుతది.

భద్రకాళి_గట్టు, వరంగల్

ఇంతసేపు చదివాను. క్లౌడీ ప్రశ్న ఎవరూ ముట్టలేదు, అది నేను చెప్తా.

పాకాల తమ్ముడూ, నీ రన్ ఆగిపోయేది ఉష్ణోగ్రత వల్ల. మామూలుగా ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత 4000 కెల్విన్ కిందికి పడగానే లెక్క ఆపమని ప్రోగ్రాములోనే ఉంటుంది. అయనీకరణ పొర మందం సుమారు 10²³ ని పరామితితో గుణించినంత. 0.06 వేస్తే 6×10²¹. దాని తర్వాత సగం తటస్థ పొర మొదలవుతుంది, అక్కడ చల్లబడుతూ పోయి 4000 తగలగానే ఆగుతుంది. స్టాప్ టెంపరేచర్ ఆఫ్ చెయ్, స్తంభ సాంద్రత 23 (10²³ కు లాగరిథమ్) దగ్గరే ఆగేలా పెట్టు. ఆ వెనక పొరను వదులుకోకు. మెగ్నీషియం-2, ఇనుము-2 రేఖలు ఎక్కువగా వచ్చేది అక్కడినుంచే.

హెచ్‌డెన్ (హైడ్రోజన్ సాంద్రత) 10, లూమినాసిటీ 44, రేడియస్ 16.7 అన్నీ లాగరిథమ్‌లు. 44 అని ఇచ్చేటప్పుడు అది మొత్తం కాంతికా, అయనీకరణ కాంతికా చూసుకో. రెండింటి మధ్య మూడు రెట్ల తేడా ఉంది, పరామితి అంతా జరిగిపోతుంది.

ఇటరేట్ టు కన్వర్జెన్స్ (ఫలితం నిలకడగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ లెక్కించమనే ఆజ్ఞ) తప్పనిసరి. మొదటి పాస్‌లో మేఘం అవతలి అంచు ఎంత దూరమో ప్రోగ్రాముకు తెలియదు కాబట్టి లైమన్ ఆల్ఫా (హైడ్రోజన్ అతినీలలోహిత రేఖ) బయటికి తేలికగా పోతుందనుకుంటుంది. నిజానికి ఆ ఫోటాన్లు లోపలే చిక్కుకొని తిరుగుతుంటాయి. మొదటి పాస్ రేఖల నిష్పత్తులు పట్టికలో పెట్టకు.

స్థిర సాంద్రతతో ఒక రన్, స్థిర పీడనంతో ఒక రన్ చెయ్. స్థిర పీడనం రన్‌లో మొఖం దగ్గర 10⁸ తో మొదలుపెట్టి చూడు, లోపలికి పోయేసరికి సాంద్రత 10¹⁰ దాటి పోతుంది. పైన గగనం అన్న చెప్పిన 3.5×10¹⁰ నీ స్క్రీన్ మీదనే కనబడుతుంది.

పాకాల_రాత్రి, హన్మకొండ

స్టాప్ టెంపరేచర్ తీసేస్తే పోయింది అక్కా, 23 దాక నడిచింది. ఇంకొక్క మాట. మా దగ్గర 8 అంగుళాల టెలిస్కోపు, కాంతిని రంగులుగ విడదీసే, మిల్లీమీటరుకు 100 గీతల గ్రేటింగ్ ఉన్నయి. విశాల రేఖ మన ఆకాశం నుంచే చూపించొచ్చా?

భద్రకాళి_గట్టు, వరంగల్

ఎన్‌జీసీ 4151 పెట్టుకో. మార్చి చివర్ల అర్ధరాత్రికి నెత్తి మీదికి వస్తుంది, వరంగల్ అక్షాంశం నుంచి దాదాపు 68 డిగ్రీల ఎత్తు. హన్మకొండ లైట్లలో వద్దు, పాకాల చెరువు దిక్కో లక్నవరం దిక్కో పోవాలి. ఏప్రిల్ దాటితే దుమ్ము తెర, జూన్ తర్వాత మబ్బులు.

ఆ గ్రేటింగ్ విభేదన శక్తి 100 చుట్టూ ఉంటుంది, అంటే హెచ్-ఆల్ఫా దగ్గర 65 ఆంగ్‌స్ట్రామ్‌లు, సెకనుకు 3000 కిలోమీటర్లు. రేఖ వెడల్పు 5000 ఉంటే ఆ అడుగు కనబడుతుంది కానీ దాని నడుమ సన్న రేఖ, నైట్రోజన్ రేఖలు కలిసిపోతాయి. వెడల్పును అంకెగా రాయకు, ఉందని మాత్రమే చూపించు. తరంగదైర్ఘ్యం సరిచూసుకోవడానికి ఆక్సిజన్ 5007 వాడుకో.

3సీ 273 జోలికి మొదట పోకు. రెడ్‌షిఫ్ట్ 0.158 వల్ల దాని హెచ్-ఆల్ఫా సరిగ్గా 7600 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర పడుతుంది. మన వాతావరణంలోని ఆక్సిజన్ మింగే పట్టీ కూడా అక్కడే. రేఖ నడుమ గుంట పడి రెండు శిఖరాలున్నట్టు కనబడుతుంది, అది క్వేజార్‌ది కాదు. దాంట్లో 5630 దగ్గరికి జరిగిన హెచ్-బీటా చూడడం మేలు.

మానేరు_తీరం, కరీంనగర్

ఎన్‌జీసీ 4151 గురించి ఇంకొకటి. 2023 సెప్టెంబరులో ఎగిరిన ఎక్స్‌రిజ్మ్ ఉపగ్రహం ఆ గెలాక్సీ ఇనుము రేఖను మూడు భాగాలుగా విడదీసింది: లోపలి డిస్క్, విశాల రేఖల ప్రాంతం, బయటి ధూళి వలయం. మేఘాల దూరానికి ఇది మూడో స్వతంత్ర కొలత. అదే ఉపగ్రహం పీడీఎస్ 456 క్వేజార్‌లో కాంతి వేగంలో 20 నుంచి 30 శాతం వేగంతో వచ్చే గాలి ఒకే ప్రవాహం కాదని, ఐదు వేర్వేరు వేగాల ముద్దలుగా ఉందని 2025లో చూపించింది. గాలి దానంతటదే ముక్కలవుతుందనడానికి ఇంతకన్నా నేరైన సాక్ష్యం ఇప్పటిదాకా రాలేదు.

పాకాల_రాత్రి, హన్మకొండ

అయితే ప్రాజెక్టుల ఏం పరీక్షించాలె సార్? స్థిర సాంద్రత సరైనదా, కాంతి పీడనం నొక్కుడు సరైనదా అని తేల్చే పని ఉంటదా?

రామప్ప_రాయి, ములుగు

ఉంటుంది. రేడియస్‌ను 15.7, 16.2, 16.7, 17.2 వేసి నాలుగు దూరాల్లో రెండు రకాల రన్‌లు చేయండి. స్థిర సాంద్రతలో అయనీకరణ పరామితి దూరంతో వెయ్యి రెట్లు మారుతుంది, కాబట్టి హీలియం-2, హెచ్-బీటా నిష్పత్తి విపరీతంగా ఊగుతుంది. స్థిర పీడనంలో ఆ ఊగుడు చాలా తక్కువ. తర్వాత స్లోన్ సర్వే వర్ణపటాలు ఉచితంగా దొరుకుతాయి, వేర్వేరు కాంతి ఉన్నవి తీసుకొని హీలియం-2 4686, హెచ్-బీటా నిష్పత్తి కొలవండి. 4686 పక్కన ఇనుము-2 రేఖల గుంపు ఉంటుంది, దాని నమూనాను ముందే తీసేయకపోతే హీలియం బలం ఎక్కువగా వస్తుంది.

గోదారిఖని_గగనం, రామగుండం

స్థిర పీడనం రన్‌ల కాంతి పీడనాన్ని కూడ కలుపుతున్నదో లేదో అవుట్‌పుట్‌ల చూసుకో. వాయు పీడనం ఒక్కటే స్థిరంగ పెట్టే రకం వేరే ఉంది, అది ఎంచుకుంటే నొక్కుడు అసలు జరగదు, రెండు రన్‌లల్ల తేడా రాలేదని అనుకుంటవ్.